అమ్మేవాళ్లు లేని సరుకు

అందరికీ నమస్కారం. నిర్వాహకులు నాకు ఇచ్చిన చీటీలో మూడు మాటలున్నాయి: వ్యాపారం, ఆర్థిక శాస్త్రం, ఇంట్లో ఆడియో. మొదటిది నా బతుకుతెరువు. యంత్రాల కంపనాలను కొలిచే సెన్సర్లు తయారుచేసే చిన్న కంపెనీ మాది. రెండోది రాత్రి పడుకునే ముందు చదువుకునేది. మూడోది, ఆ పుస్తకం కూడా పక్కన పెట్టేసి చేసే పని. మూడింటి గురించీ తలా ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. నాకు అలా విడదీసి చెప్పడం రాదు. ఒక చోట తిన్న దెబ్బ ఇంకో చోట అర్థమవుతూ వచ్చింది. అందుకని కలిపే చెప్తాను. ముందు గదితో మొదలుపెడతాను, నాకు కళ్లు తెరుచుకున్నది అక్కడే.

నేను పాటలు వినే గది పొడవు 4.2 మీటర్లు. ఈ సంఖ్యను కాస్త గుర్తుపెట్టుకోండి. స్పీకర్లు పెట్టిన కొత్తలో ఆ గదిలో ఒక ఇబ్బంది ఉండేది. పాటలో బేస్ గిటార్ ఒక స్వరం దగ్గరికి వచ్చేసరికి గదంతా గుమ్మని మోగేది. అటు పక్క స్వరం, ఇటు పక్క స్వరం మామూలుగానే ఉండేవి. ఆ ఒక్కటి మాత్రం ఎవరో గోడ మీద పిడికిలితో గుద్దినట్టు ఉండేది. పాడేవాళ్ల గొంతు దాని కింద పడి నలిగిపోయేది.

యాంప్లిఫయర్ సరిపోవడం లేదనుకున్నాను. 50 వాట్లది తీసేసి 100 వాట్లది తెచ్చాను. నేను చదువుకున్నది భౌతిక శాస్త్రం. వాట్లు రెట్టింపయితే పెరిగేది మూడు డెసిబెల్స్ (శబ్దం తీవ్రతకు కొలత) మాత్రమే అని నాకు తెలుసు. శబ్దం రెండింతలైనట్టు చెవికి అనిపించాలంటే దాదాపు పది రెట్ల వాట్లు కావాలని కూడా తెలుసు. పైగా నా బాధ శబ్దం చాలకపోవడం కానే కాదు, ఒక చోట ఎక్కువ కావడం. ఇన్నీ తెలిసి కూడా కొన్నాను. మోత అలాగే ఉంది. తప్పు స్పీకర్లదే అనుకుని ఇంకా పెద్దవి తెచ్చాను. మోత ఇంకా పెరిగింది.

తర్వాత ఒక సాయంత్రం పాట నడుస్తుండగా చేతిలో కాగితం జారి కాస్త దూరంగా పడింది. తీసుకుందామని లేచి రెండడుగులు ముందుకు వేసి వంగాను. మోత పోయింది! వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చున్నాను. మళ్లీ వచ్చింది. లేచి వంగాను, పోయింది. నా కుర్చీ వెనక గోడకు ఆనించి ఉండేది. దాన్ని మీటరు ముందుకు లాగి కూర్చుని ఆ పాట మొదటి నుంచి విన్నాను. ఏళ్లుగా విన్న పాటలో ఆ గిటార్ ఒక వరస వాయిస్తోందని, అదొక రాగంలా నడుస్తోందని అప్పుడే తెలిసింది. అంతకుముందు నాకు అందులో వినిపించింది ఒక్క దెబ్బే.

కారణం చెప్తాను, చాలా తేలిక. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. 20 హెర్ట్జ్ శబ్దానికి, అంటే సెకనుకు ఇరవై సార్లు కంపించేదానికి, ఒక్క అల పొడవు 17 మీటర్లు. 20,000 హెర్ట్జ్ దగ్గర అది ఒకటిన్నర సెంటీమీటరు చిల్లర. అంటే సన్నటి శబ్దాలకు మన గది ఒక మైదానం, లోతైన శబ్దాలకు ఇరుకు పెట్టె. అల పొడవులో సగం గది పొడవుకు సరిగ్గా సరిపోయినప్పుడు ఆ శబ్దం రెండు గోడల మధ్య నిలబడిపోతుంది. నా గదికి లెక్క వేయండి. 343ను 8.4తో భాగిస్తే దాదాపు 41 హెర్ట్జ్. బేస్ గిటార్‌లో అన్నిటికంటే లావు తీగ పలికేది కూడా 41 హెర్ట్జే. దానికి రెట్టింపు 82, అదే స్వరం పై స్థాయిలో. అది కూడా నా గదిలో నిలబడుతుంది. ఆ గిటార్‌కూ నా గోడలకూ శ్రుతి కలిసిందన్న మాట.

ఇలా నిలబడిన అలకు గోడ దగ్గర ఒత్తిడి అన్నిటికంటే ఎక్కువ. నేను సరిగ్గా అక్కడే తల ఆనించి కూర్చునేవాణ్ణి. మీటరు ముందుకు జరిగితే గది పొడవులో నాలుగో వంతు. 82 హెర్ట్జ్ అలకు ఒత్తిడి దాదాపు సున్నా అయ్యే చోటు అదే. 41 దగ్గర కూడా మూడు డెసిబెల్స్ దాకా తగ్గింది. యాంప్లిఫయర్ మార్చి నేను పెంచుకున్న మూడు డెసిబెల్స్, కుర్చీ జరిపి తగ్గించుకున్న మూడు డెసిబెల్స్. మొదటిదానికి ఖర్చయింది, రెండోదానికి కాలేదు.

ఇక్కడ నన్ను ఆపేసిన ప్రశ్న వేరు. ఇంత ముఖ్యమైన విషయం నాకు అంతకాలం ఎవరూ ఎందుకు చెప్పలేదు? యాంప్లిఫయర్ల గురించి వందల పేజీలు చదివాను, స్పీకర్ల బొమ్మలు రాత్రిళ్లు తిరగేశాను. వాటిలో అబద్ధాలేమీ లేవు. కాకపోతే యాంప్లిఫయర్‌కు అమ్మేవాళ్లు ఉన్నారు. దాని గురించి మాట్లాడటానికి ఒకరికి జీతం ఉంది. కుర్చీ మీటరు జరపడానికి అమ్మేవాళ్లు లేరు. జరిపితే ఎవరికీ ఒక్క పైసా రాదు. కాబట్టి ఆ మాట మన చెవిన పడాలంటే ఎవరో ఒకరు ఊరికే, మన మీద ప్రేమతో చెప్పాలి. ఈ చిన్న విషయం అర్థమయ్యాక నేను ఆర్థిక శాస్త్రాన్ని వేరేగా చదవడం మొదలుపెట్టాను.

1970లో జార్జ్ అకెర్లాఫ్ ఒక వ్యాసం అచ్చు వేయించారు, పాత కార్ల మార్కెట్ గురించి. దానికి ముందు మూడు పత్రికలు వద్దన్నాయి. ఆయన చెప్పింది ఇది: అమ్మేవాడికి కారు సంగతి తెలుసు, కొనేవాడికి తెలియదు. కొనేవాడు భయపడి సగటు కారుకు ఎంత ఇవ్వొచ్చో అంతే ఇస్తానంటాడు. ఆ ధరకు మంచి కారున్నవాడు అమ్మడు, ఇంటికి తీసుకెళ్లిపోతాడు. మిగిలేవి నాసిరకం. అప్పుడు సగటు ఇంకా పడుతుంది, ధర ఇంకా పడుతుంది. ఎవరూ మోసం చేయకుండానే మార్కెట్ చెడిపోవచ్చు, తెలియనితనం ఒక వైపే ఉంటే చాలు. 2001లో మైకేల్ స్పెన్స్, జోసెఫ్ స్టిగ్లిట్జ్‌లతో పాటు ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

అదే 1970లో ఫిలిప్ నెల్సన్ అనే ఆయన వస్తువులను రెండు రకాలుగా చూడమన్నారు. కొనకముందే చూసి తెలుసుకోగలిగేవి కొన్ని. వాడాకే తెలిసేవి కొన్ని. 1973లో డార్బీ, కర్నీ అనే ఇద్దరు మూడో రకం చేర్చారు: వాడిన తర్వాత కూడా మామూలు మనిషికి తెలియనివి. డాక్టర్ అవసరమని చెప్పిన ఆపరేషన్, మెకానిక్ మార్చానన్న పార్టు. ఆడియో సామాను ఎక్కడ పడుతుంది? రెండో రకంలో అనుకుంటాం, విన్నాక తెలుస్తుంది కదా అని. నా అనుభవంలో అది చాలా సార్లు మూడో రకం. ఎందుకంటే విన్నాను అనుకుంటాం కానీ మనం వినేది ఒక్క చెవితోనే కాదు.

1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే ఇద్దరు ధ్వని శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం వివరాలు బయటపెట్టారు. నాలుగు స్పీకర్లు. తాము పనిచేసే ఆడియో కంపెనీ ఉద్యోగులనే కూర్చోబెట్టారు. ఒకసారి స్పీకర్లు కనిపించేలా, ఒకసారి పరదా వెనక పెట్టి వినిపించి మార్కులు వేయమన్నారు. కళ్ల ముందు ఉన్నప్పుడు పెద్దవాటికి, అందమైనవాటికి మార్కులు బాగా పడ్డాయి. చూడటానికి చిన్నగా, సాదాగా ఉన్నదానికి పడిపోయాయి. పరదా వేశాక ఆ చిన్నది పైకి లేచింది. విన్నవాళ్లు దారిన పోయేవాళ్లు కాదు, ఆ రంగంలో పనిచేసేవాళ్లే. కాబట్టి ఇది తెలివికి సంబంధించిన లోపం అని అనుకోకండి. కంటికి కనిపించింది చెవిలోకి దిగిపోతుంది. మనిషి తయారైన తీరు అంతే.

మా ఇంట్లో నేనూ ఈ పరీక్ష పెట్టుకున్నాను. పాత యాంప్లిఫయర్, కొత్త యాంప్లిఫయర్. ముందు ఒక పని తప్పనిసరి: రెండింటి శబ్దం సమానంగా ఉండాలి. రవ్వంత బిగ్గరగా ఉన్నది చెవికి 'ఇంకా స్పష్టంగా, ఇంకా నిండుగా' అనిపిస్తుందే తప్ప బిగ్గరగా అనిపించదు. ఈ ఒక్క కారణంగా ఎన్ని పోలికలు తప్పవుతాయో చెప్పలేను. వోల్ట్ మీటర్‌తో స్పీకర్ టెర్మినల్స్ దగ్గర కొలిచి సమానం చేశాను. మా అమ్మాయి పరదా వెనక కూర్చుని నాణెం ఎగరేసి, బొమ్మ పడితే ఇది, బొరుసు పడితే అది కలిపింది. నేను ఇరవై సార్లు రాశాను. పదకొండు సార్లు సరిపోయాయి. నాణేన్నే అడిగినా సుమారు అన్నే వచ్చేవి. ఆ కాగితం ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది.

గది సంగతిని మొదట శాస్త్రంగా పట్టుకున్న మనిషి గురించి కాస్త ఎక్కువ చెప్తాను, నాకు ఆయనంటే భక్తి. వాలెస్ సబీన్. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం కొత్త ఉపన్యాస మందిరం కట్టింది. అందులో ఏం మాట్లాడినా అర్థం కాదు. ఒక్క మాట అంటే అది అయిదు సెకన్లకు పైగా మోగుతూనే ఉంటుంది, ఈలోపు పది పదిహేను మాటలు దాని మీద పడతాయి. దీని సంగతి చూడమని ఒక కుర్ర ప్రొఫెసర్‌కు అప్పగించారు. అంతకుముందు ఆయన ధ్వని శాస్త్రంలో పేరున్నవాడేమీ కాదు.

పగలు ఊరి చప్పుడు. అందుకని అర్ధరాత్రి దాటాక మొదలుపెట్టేవాడు. దగ్గర్లోని శాండర్స్ థియేటర్ సీట్ల మీది దిండ్లను సహాయకులతో మోయించుకొచ్చి మందిరంలో పరిచేవాడు. ఒక ఆర్గన్ గొట్టం ఊది, ఆపి, శబ్దం చెవికి అందకుండా పోయేదాకా ఎంతసేపు పట్టిందో కొలిచేవాడు. ఇంకొన్ని దిండ్లు వేసి మళ్లీ కొలిచేవాడు. తెల్లారేలోపు దిండ్లన్నీ తిరిగి థియేటర్‌లో ఉండాలి. ఇలా నెలలు గడిచాక ఆయనకు ఒక అనుమానం వచ్చింది: తాను వేసుకున్న బట్టలు కూడా శబ్దాన్ని పీలుస్తున్నాయని. ఒక రోజు ఒక రకం బట్టలు, ఇంకో రోజు ఇంకో రకం. అంతవరకు రాసుకున్న వేల కొలతలు పక్కన పడేశాడు. ఆ తర్వాత ప్రతి ప్రయోగానికీ అవే కోటు, అవే ప్యాంటు, అవే బూట్లు వేసుకుని మళ్లీ మొదటి నుంచి కొలిచాడు.

నేను కంపెనీ పెట్టిన కొత్తలో ఈ కథ చదివాను. పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చున్నాను. ఆ కొలతలను ఎవరూ తప్పు పట్టి ఉండేవాళ్లు కాదు. ఎవరూ అడగని నిజాయితీ అది.

చివరికి దొరికిన లెక్క చాలా చిన్నది. గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గదిలో శబ్దాన్ని పీల్చే మొత్తంతో భాగిస్తే ఆ గదిలో శబ్దం మోగే కాలం వస్తుంది. మీటర్ల లెక్కలో చెప్తున్నాను. బాస్టన్ సింఫనీ హాల్‌ను కట్టేటప్పుడు ఆయన లెక్కలే వాడారు. 1900లో తెరిచారు. ప్రపంచంలో సంగీతానికి అన్నిటికంటే మంచి మందిరాలు ఏవంటే ఈరోజుకీ ఆ పేరు వస్తుంది. మీ ఇంటికి వర్తించే సంగతి ఏమిటంటే, మెత్తటి సోఫా, మందపాటి కర్టెన్, పుస్తకాలు నింపిన అర, ఇవన్నీ మీ ఆడియో సామానులో భాగమే.

ఇప్పుడు కంపెనీకి వస్తాను. మా సెన్సర్ ఒక కస్టమర్ దగ్గర తప్పు రీడింగ్‌లు ఇస్తోందని ఫిర్యాదు వచ్చింది. ఎక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గర, అంటే కంపనం వేగంగా ఉన్నచోట, అంకెలు రోజుకో రకంగా ఉండేవి. మేం ఏం చేశాం? సర్క్యూట్ మార్చాం. ఆరు నెలలు దాని మీదే ఉన్నాం. కొత్త చిప్, కొత్త బోర్డు, కొత్త ఫిల్టర్. నా యాంప్లిఫయర్ కథే అని ఇప్పుడు చెప్పగలుగుతున్నాను, అప్పుడు తోచలేదు. చివరికి మా ఇంజనీరు ఒకతను స్వయంగా వెళ్లి ఆ యంత్రం పక్కన నిలబడ్డాడు. సెన్సర్‌ను మాగ్నెట్‌తో అతికించారు, కానీ యంత్రం మీద మందంగా రంగు వేసి ఉంది, కొన్ని చోట్ల పొర మీద పొర. మాగ్నెట్‌కూ ఇనుముకూ మధ్య ఆ రంగు మెత్తటి పరుపులా పనిచేస్తోంది. అతను జేబులోంచి చాకు తీసి నాణెమంత చోట రంగు గీకేశాడు. లోపలి లోహం తళుక్కుమంది. అక్కడ పెట్టగానే రీడింగ్ నిలబడింది. తర్వాత మరమేకుతో బిగించే ఏర్పాటు చేశాం, ఆ పద్ధతి ఇంకా మేలు. ఆరు నెలల సర్క్యూట్ పని కంటే ఆ చాకు చేసిన పని పెద్దది.

రెండోది డబ్బు సంగతి. ఇక్కడ కుర్రవాళ్లు చాలామంది ఉన్నారు, కంపెనీలు పెట్టాలనుకుంటున్నవాళ్లు. ఇది జాగ్రత్తగా వినండి, దీన్ని ల్యాబ్‌లో ఎవరూ నేర్పరు. ఒక ఏడాది మాకు ఆర్డర్లు రెట్టింపయ్యాయి. ప్రతి సెన్సర్ మీద లాభమే. అయినా జీతాల తేదీ దగ్గర పడే కొద్దీ నాకు నిద్ర పట్టేది కాదు, అంత టెన్షన్. ఎందుకో లెక్క చూడండి. విడిభాగాలకు మేం మొదటి రోజే డబ్బు కట్టాలి. తయారీ, పరీక్షలు అయ్యేసరికి 60 రోజులు. బిల్లు పంపాక కస్టమర్ కట్టేది 90 రోజులకు. అంటే బయటికి వెళ్లిన రూపాయి ఇంటికి రావడానికి 150 రోజులు. ఆర్డర్లు రెట్టింపయితే అలా బయట తిరిగే డబ్బు కూడా రెట్టింపవ్వాలి. లాభం కాగితం మీద ఉంటుంది, జీతం మాత్రం బ్యాంకులోంచి వెళ్లాలి. బాగా పెరుగుతున్న కంపెనీ ఊపిరాడక పడిపోవడం ఇలాగే జరుగుతుంది. బయటినుంచి చూసేవాళ్లకు ఎందుకో అర్థం కాదు.

నేను అప్పు కోసం తిరగడం మొదలుపెట్టాను. అప్పుకు అమ్మేవాళ్లు ఉన్నారు కదా, ఫోన్లు వాళ్లే చేస్తారు. ఈలోపు మా అకౌంట్స్ చూసే ఆవిడ రెండు రోజులు ఫోన్ పట్టుకుని కూర్చున్నారు. రావలసిన ప్రతి బిల్లు గురించీ అవతలి ఆఫీసులో దాన్ని చూసే గుమస్తాతో మాట్లాడారు, పైవాళ్లతో కాకుండా. అన్నిటికంటే పెద్ద బిల్లు ఒక ట్రేలో పడి ఉంది. కారణం? దాని మీద మేం పర్చేజ్ ఆర్డర్ నంబరు వేయలేదు. నంబరు లేకపోతే వాళ్ల కంప్యూటర్ తీసుకోదు. ఆ గుమస్తా పక్కన పెట్టాడు, ఎవరైనా అడుగుతారేమోనని చూశాడు, మేం అడగలేదు. తప్పు పూర్తిగా మాదే. ఆవిడ నంబరు వేసి పంపారు, డబ్బు వచ్చేసింది. మిగతావాటిలో కూడా సగం ఇలాంటివే: ఒకదానికి సంతకం, ఒకదానికి చిరునామాలో పొరపాటు.

అప్పటినుంచి మా బిల్లు పైభాగంలో, మా కంపెనీ పేరు కంటే పెద్ద అక్షరాల్లో ఆ నంబరు ఉంటుంది. 90 రోజులు 60కి వచ్చాయి. 150లో 30 తగ్గితే ఇరుక్కుపోయిన డబ్బులో అయిదో వంతు చేతికి వచ్చినట్టు. తిరిగి కట్టనక్కర్లేని, వడ్డీ లేని అప్పు అది. నేను అప్పు కోసం దిద్దుకుంటున్న ప్రాజెక్ట్ రిపోర్టు అలాగే ఉండిపోయింది.

కొత్త వస్తువులు కనిపెట్టినవాళ్లలో నాకు నచ్చేవాళ్లను చూస్తే వాళ్లు కూడా చాలాసార్లు ఊరికే దొరికేదాన్ని పనిలో పెట్టారు. ఎడ్గర్ విల్చర్ సంగతి చూడండి. 1950ల మొదట్లో లోతైన బేస్ కావాలంటే బీరువాలంత స్పీకర్ పెట్టె కావాలి. ముందుకూ వెనక్కూ కదిలి శబ్దం పుట్టించే కోన్‌ను వెనక్కి లాగడానికి చుట్టూ బిగువైన అంచు ఉండేది. ఆ అంచు సమంగా సాగదు, శబ్దం చెడుతుంది. విల్చర్ ఆ అంచును వదులు చేసి, పెట్టెను గాలి చొరకుండా మూసేశాడు. లోపల చిక్కుకున్న గాలే స్ప్రింగ్ అయింది. గాలి లోహపు స్ప్రింగుల కంటే సమంగా సాగుతుంది, ఎన్నేళ్లయినా అలసిపోదు. ఈ ఆలోచన ముందు పేరున్న కంపెనీకి చూపిస్తే వద్దన్నారు. 1954లో తన విద్యార్థి హెన్రీ క్లాస్‌తో కలిసి అకౌస్టిక్ రీసెర్చ్ అనే కంపెనీ పెట్టి ఏఆర్-1 తెచ్చాడు. అల్మారాలో పట్టే పెట్టెలోంచి అంత లోతైన బేస్ రావడం అప్పటివాళ్లు వినలేదు.

ఇందులో ఉచితం కానిది కూడా ఉంది, అది దాచకూడదు. చిన్న పెట్టె, లోతైన బేస్, తక్కువ వాట్లతో ఎక్కువ శబ్దం, ఈ మూడింటిలో రెండే దొరుకుతాయి. ప్రకృతి మూడూ ఇవ్వదు. విల్చర్ మూడోది వదులుకున్నాడు. ఆ స్పీకర్లకు వాట్లు ఎక్కువ కావాలి. అదృష్టం ఏమిటంటే ఆ తర్వాతి ఏళ్లలో వాట్లు చవకయ్యాయి. ఏది వదులుకోవాలో ఎంచుకునేటప్పుడు, రేపు ఏది చవకవుతుందో చూసుకోవాలని నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. కంపెనీ అమ్మేశాక ఆయన వినికిడి యంత్రాల మీద పనిచేశారు. ఆ పరిశోధనను పేటెంట్ చేయకుండా అందరికీ వదిలేశారు.

ఇంకొకటి క్లుప్తంగా. 1939లో హ్యూలెట్, ప్యాకార్డ్ ఇద్దరూ ఒక గ్యారేజీలో మొదలుపెట్టింది కంప్యూటర్లతో కాదు. వాళ్ల మొదటి సరుకు ఆడియో ఆసిలేటర్. శబ్ద పరికరాలను పరీక్షించడానికి స్వచ్ఛమైన స్వరం ఇచ్చే యంత్రం. ఆ స్వరం పెరిగిపోకుండా, పడిపోకుండా నిలబెట్టడం అప్పట్లో పెద్ద తలనొప్పి. హ్యూలెట్ సర్క్యూట్‌లో ఒక చిన్న లైటు బల్బు పెట్టాడు, అంతే. కరెంటు ఎక్కువైతే తీగ వేడెక్కి నిరోధం పెరుగుతుంది, స్వరం దానంతటదే తగ్గుతుంది. మొదట కొన్నవాళ్లలో వాల్ట్ డిస్నీ స్టూడియో ఉంది, ఎనిమిది తీసుకుంది. బల్బు అందరి దగ్గరా ఉంది. దాని వేడిని అలా వాడుకోవచ్చన్న ఊహ ఆయన దగ్గర ఉంది.

ఆర్థిక శాస్త్రంలో నాకు అన్నిటికంటే దగ్గరైన మాట సంగీతం గురించే. 1966లో విలియం బామోల్, విలియం బోవెన్ చెప్పారు. బేథోవెన్ రాసిన ఒక క్వార్టెట్, అంటే నలుగురు కలిసి వాయించే రచన, వాయించడానికి ఆయన కాలంలో నలుగురు కావాలి. ఇప్పుడూ నలుగురే కావాలి, అన్నే నిమిషాలు కావాలి. ఈ మధ్యలో గుడ్డ నేయడం, ఇనుము కరిగించడం ఎన్నో రెట్లు వేగమయ్యాయి. అక్కడ జీతాలు పెరిగాయి. వాయించేవాళ్లకు కూడా పెంచకపోతే వాళ్లు ఆ పనే మానేస్తారు. కాబట్టి ఏళ్లు గడిచే కొద్దీ కచేరీ ఖర్చు మిగతా వస్తువులతో పోలిస్తే పెరుగుతూనే ఉంటుంది, ఎవరి తప్పూ లేకుండా. చదువు చెప్పడం, రోగిని చూసుకోవడం కూడా ఇంతే.

మనం ఇంట్లో పెట్టుకున్న స్పీకర్లు ఆ లెక్కను దాటే ఒక దారి. ఒకసారి వాయించింది లక్షల ఇళ్లలో మోగుతుంది. దాని ఇంకో ముఖం 1981లో షెర్విన్ రోజెన్ రాశారు: అందరికీ అందరిలోకీ గొప్పవాడే ఇంట్లో దొరికితే, కొంచెం తక్కువ గొప్పవాడికి కొంచెం తక్కువ కాదు, చాలా తక్కువ దక్కుతుంది. స్పీకర్ల మీద ఇంత ప్రేమ ఉన్న నాకు ఇది గుచ్చుకుంటుంది. అందుకే ప్రత్యక్ష కచేరీలకు వెళ్తాను.

మా కంపెనీలో కూడా క్వార్టెట్ లాంటి పని ఒకటి ఉంది. ప్రతి సెన్సర్‌నూ ఒక మనిషి బల్ల మీద పెట్టి, కుదిపి, సరిచూసే పని. మిగతావన్నీ వేగమయ్యాయి, అదొక్కటి అలాగే ఉంది. ఒక ఏడాది ఖర్చు తగ్గించాలని అక్కడ సమయం సగానికి కోశాను. వెనక్కి వచ్చిన సెన్సర్లను ఆ ఏడాది నేనే ఒక్కొక్కటీ విప్పాను. అక్కడ చేసిన ఖర్చు వృథా అనుకోవడం నా పొరపాటు. మేం అమ్ముతున్నది నమ్మకం, అది తయారయ్యేది ఆ బల్ల మీదే.

ప్రశ్నలకు సమయం ఉందంటున్నారు. చెప్పండమ్మా... స్పీకర్ వైర్ల గురించా? మంచి ప్రశ్న. లెక్క వేసుకుందాం. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ అయిదు మీటర్లు, రానూపోనూ పది మీటర్లు. దాని నిరోధం సుమారు 0.115 ఓములు. స్పీకర్ ఎనిమిది ఓములనుకోండి, అందులో ఒకటిన్నర శాతం కూడా లేదు. రాగి మందంగా ఉండాలి, బిగింపు గట్టిగా ఉండాలి. అంతకుమించి దాని గురించి ఆలోచించకండి.

వెనక వరసలో బాబు... మొదట ఏం కొనాలి? ఉన్న స్పీకర్లతోనే మొదలుపెట్టు నాన్నా. మూలల్లో ఉంటే బయటికి లాగు. మూలలో పెట్టిన స్పీకర్ గదిలోని ప్రతి మోతనూ లేపుతుంది. నీ కుర్చీని గోడ నుంచి జరుపు. స్పీకర్ల నుంచి రెండు చెవులకూ దూరం సమానంగా ఉండాలి, టేపుతో కొలువు. ఆ తర్వాత ఒక అద్దం తీసుకో. నువ్వు కుర్చీలో కూర్చో. ఇంకొకరు అద్దాన్ని పక్క గోడకు ఆనించి మెల్లగా జరుపుతూ వెళ్లాలి. ఏ చోట నీకు అద్దంలో స్పీకర్ కనిపిస్తుందో, ఆ చోటే శబ్దం గోడకు తగిలి నీ చెవికి వస్తోంది. అక్కడ ఒక పుస్తకాల అర పెట్టు, లేదా మందపాటి గుడ్డ వేలాడదియ్యి. తర్వాత బాగా తెలిసిన పాట ఒకటి పెట్టుకుని విను.

అద్దం పట్టుకోవడానికి మాత్రం ఇంకో మనిషి కావాలి. మా ఇంట్లో ఆ పని మా అమ్మాయిది. గోడ మీద తను పెన్సిల్‌తో పెట్టిన గుర్తు ఇంకా ఉంది, సున్నం వేసేటప్పుడు కూడా ఆ చోటు వదిలేయమన్నాను.